వాలంటీర్లు పని ఆపిన రోజు

వార్డు ఆఫీసు వెనక షెడ్డుకి తాళం వేసి ఉంది. దాని ముందు ముప్పై మంది పారిశుధ్య కార్మికులు నిలబడి ఉన్నారు. రోజూ ఆరింటికల్లా చీపుర్లు, పారలు తీసుకుని, తోపుడు బళ్ళు తోసుకుంటూ వీధుల్లో పడే మనుషులు. ఇవాళ ఏడు దాటినా తలుపు తెరుచుకోలేదు.

కాంట్రాక్టరు మెట్ల మీద నిలబడి తాపీగా చెప్పాడు. "ఇక మీరు రానక్కర్లేదు. పని లేదు."

"ఏం, మురుక్కాలవలు ఎండిపోయాయా? జనం చెత్త వెయ్యడం మానేశారా?" అంది మేస్త్రమ్మ. ఆమెని ఎవరూ మేస్త్రీగా వెయ్యలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరి మురికి ఎత్తుతున్న మనిషి కాబట్టి అందరూ అలా పిలుస్తారు.

"చెత్త ఉంది. ఎత్తేవాళ్ళూ ఉన్నారు." కాంట్రాక్టరు గేటు వైపు చెయ్యి చాపాడు. "అదుగో! అడక్కుండా చేస్తారు. మీకయితే మాస్కులు కావాలి, గ్లౌజులు కావాలి, సెలవులు కావాలి. వాళ్ళకేం అక్కర్లేదు. వాళ్ళది సేవ."

గేటు దగ్గర ఆసుపత్రి నర్సమ్మ ఉంది. ఆమె వెనక ఆఫీసువాళ్ళిచ్చిన పసుపు చొక్కాలు తొడుక్కుని అరవై మంది వాలంటీర్లు.

ముప్పై మందీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. 

ఆ వాలంటీర్ల దళాన్ని పుట్టించింది ఆమే. నిరుటి వరదకి మురుగు ఇళ్ళల్లోకొచ్చింది. నీళ్ళు తీశాక జ్వరాలు మొదలయ్యాయి. ఆమె పనిచేసే ఆసుపత్రిలో మంచాలు చాలక పిల్లల్ని నేలమీద పడుకోబెట్టారు. ఒక వారంలో ముగ్గురు పోయారు. ఒక పసిగుడ్డు ఆమె చేతుల్లోనే పోయింది. ఆ ఆదివారం ఆమె పార పట్టుకుని ఇంటి ముందు కాలవలో మోకాళ్ళ లోతుకి దిగింది. అటూ ఇటూ పోయేవాళ్ళు వింతగా చూశారు. "చూస్తారేం? మన పిల్లలే కదా పోయేది!" అని అరిచింది.

మొదట దిగింది ఆమె మరిది, చెల్లెలి మొగుడు. లేతు మిషను మీద పనిచేసే మనిషి. తర్వాత బడ్డీకొట్టు ఆయన, లా చదివే అమ్మాయి, ఆమె కాలేజీ స్నేహితులు. నర్సమ్మ ఎవరికి ఏది చేతనవునో అదే అప్పగించేది. నడుం వంగని ముసలాయనకి కాలవల మూతలు పగిలినచోట సుద్దముక్కతో గుర్తులు పెట్టే పని. మరిదికి విరిగిన బళ్ళు బాగుచేసే పని. ఎవర్నీ కసిరేది కాదు. అందరికంటే ముందు తను దిగేది. నాలుగు నెలల్లో నలుగురు అరవై మందయ్యారు. జ్వరాలు తగ్గాయి. వార్డు ఆఫీసరు వచ్చి చొక్కాలిచ్చాడు, ఫొటోలు తీయించాడు, ఆదర్శ దళం అన్నాడు.

వాళ్ళు ఒక్కో వీధి తీసుకున్నప్పుడల్లా ఆ వీధి కార్మికుల్ని తగ్గించుకొస్తున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

మేస్త్రమ్మ గేటు దాకా నడిచొచ్చింది.

"నర్సమ్మా, నా మనవరాలికి జ్వరమొస్తే సూది వేసింది నువ్వే. నీ చెయ్యి చల్లనిదని వీధి వీధికీ చెప్పుకున్నాను. ఆ చేత్తోనే మా నోటికాడి కూడు లాగేశావు కదమ్మా!"

"నాకు తెలీదు పెద్దమ్మా."

"తెలుసుకోవాలని నీకు అనిపించలేదు." అంతే అని వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం స్కూలు గదిలో వాలంటీర్లు సమావేశమయ్యారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు.

"రేపట్నుంచే ఆపేద్దాం. మనం ఉచితంగా చేస్తున్నామని వాళ్ళని రోడ్డున పడేశారు. ఇది సేవ ఎలా అవుతుంది?" అంది లా చదివే అమ్మాయి.

బడ్డీకొట్టు ఆయన లేచాడు. "వాళ్ళు సరిగ్గా చేసుంటే మనం దిగేవాళ్ళమా?"

"ముప్పై మందికి వార్డు వార్డంతా అప్పజెప్పి, సరిగ్గా చెయ్యలేదంటే ఎలా? మీ కొట్లో ఒక్కణ్ణి పెట్టి పది మంది పని చెయ్యమంటే చేస్తాడా?" అంది ఆ అమ్మాయి.

"అది సరేనమ్మా," అన్నాడు మరిది, "నెత్తిమీద వానాకాలం ఉంది. మనం ఆపితే మళ్ళీ పిల్లలకే కదా ముప్పు?"

అందరూ నర్సమ్మ వైపు చూశారు. మూడు చిన్న శవాలు ఆమె కళ్ళ ముందు నుంచి కదల్లేదు. "వానలు తగ్గేదాకా చేద్దాం. ఈలోగా వాళ్ళని మళ్ళీ పనిలోకి తీసుకోమని ఆఫీసరుతో నేను మాట్లాడతాను," అంది.

ఎవర్నీ నొప్పించని మాట. ఆ మాటే ఒక ప్రాణం తీసింది.

నాలుగోరోజు వాన దంచికొట్టింది. వార్డు చివర పెద్ద మురుగు గుంత పూడుకుపోయి నీళ్ళు వీధుల్లోకి ఎగదన్నాయి. కాంట్రాక్టరు వాలంటీర్లకి కబురంపాడు. నర్సమ్మ ఆసుపత్రిలో ఉంది. మరిది ఇద్దర్ని వెంటేసుకుని వెళ్ళాడు.

"మిషను తెప్పించాలేమో?" అన్నాడు గుంతలోకి తొంగిచూసి.

"మిషనొచ్చేసరికి ఇళ్ళు మునుగుతాయి. అయినా కూలోళ్ళలా పేచీ పెడతారేంటి సార్, మీరు వాలంటీర్లు కదా!" అన్నాడు కాంట్రాక్టరు.

మరిది చొక్కా చేతులు మడుచుకుని ఇనప నిచ్చెన దిగాడు. ఆరో మెట్టు మీద చెయ్యి వదిలేసి లోపలికి పడిపోయాడు.

కబురు విని మొదట పరిగెత్తింది పని పోయాక రోజూ షెడ్డు ముందే కూర్చుంటున్న కార్మికులే. రెండో వాలంటీరు దిగబోతుంటే మేస్త్రమ్మ రెక్క పట్టి వెనక్కి గుంజింది. "దిగొద్దు! గ్యాసుంది! ముందు చుట్టుపక్కల మూతలన్నీ లేపండి, గ్యాసు పోవాలి!" మూతలు లేపారు. రెండు బారల తాడు తెచ్చారు. కార్మికుల్లో బక్కపల్చటివాడు ఒకడు మొహానికి తడిగుడ్డ చుట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. ఎవరి కూడు పోయిందో వాళ్ళే ప్రాణాలకి తెగించి మరిదిని పైకి లాగారు.

నర్సమ్మ వచ్చేసరికి అతను రోడ్డు మీద ఉన్నాడు. మోకాళ్ళ మీద కూలబడి గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కింది. నొక్కుతూనే ఉంది. వాన కురుస్తూనే ఉంది. చివరికి మేస్త్రమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇక చాలు తల్లీ. పోయాడు."

చెల్లెలు వచ్చింది. మొగుడి మొహం మీది మురుగు అరచేత్తో తుడిచింది. అక్క దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వదిన ఆపమనలేదు కదా అని వెళ్ళాడక్కా. నువ్వు ఒక్క మాట అనుంటే వెళ్ళేవాడు కాదు."

నర్సమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. 

మర్నాడు దహనం కాగానే ఆఫీసరు కాగితం పట్టుకొచ్చాడు. "తన ఇష్టంతో, ఎవరూ చెప్పకుండానే దిగాడని దళం తరఫున మీరు సంతకం పెట్టాలి. ఆ వీధికి ఆయన పేరు పెడదాం."

"కాంట్రాక్టరు పిలిస్తే వెళ్ళాడు."

"వాలంటీరుకి ఆఫీసు బాధ్యత ఉండదమ్మా. రూలు అలా ఉంది."

"అందుకేనా మమ్మల్ని దింపింది?" నర్సమ్మ కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. "కార్మికులు చస్తే లెక్క చెప్పాలి, మేం చస్తే పేరు పెడితే సరిపోతుంది. ఇప్పటికి అర్థమైంది."

అటునుంచి అటే షెడ్డు దగ్గరికి వెళ్ళింది. కార్మికులున్నారు. ఒకరి వెనక ఒకరు వాలంటీర్లూ వచ్చారు. ఆమె మెట్టెక్కలేదు, నేలమీదే నిలబడి మాట్లాడింది.

"మన దళాన్ని కాలవల్లోకి దింపింది నేను. ఆ రోజు ఆపాల్సింది, ఆపలేదు. తప్పు నాది. కానీ గుంతలో గ్యాసుంటుందని ఈ ఆఫీసుకి తెలుసు. తెలిసే దింపారు. ముప్పై మందినీ పనిలోకి తీసుకోవాలి. గుంతకి మిషను రావాలి, మనిషి దిగకూడదు. చావుకి కారణమైనవాడి మీద కేసు పెట్టాలి. అప్పటిదాకా ఈ వార్డులో ఒక్క వాలంటీరు కూడా పార పట్టడు."

"మరి జ్వరాలు?" ఎవరో అడిగారు.

"ఇంటింటికీ తిరుగుదాం. నీళ్ళు కాచుకు తాగమందాం, మందులిద్దాం. అది మన పని. కాలవ ఎవరి పనో ఆఫీసు నోటితోనే చెప్పిద్దాం."

బడ్డీకొట్టు ఆయన అందరికంటే ముందు వెళ్ళి మేస్త్రమ్మ పక్కన కూర్చున్నాడు. "నోరు జారాను, ఏమనుకోకు," అన్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.

మూడురోజులు కదల్లేదు. చెత్త గుట్టలయింది. కొన్ని ఇళ్ళవాళ్ళు తిట్టారు, కొన్ని ఇళ్ళవాళ్ళు అన్నం తెచ్చిపెట్టారు. చెల్లెలు కూడా వచ్చింది. అక్క మొహం చూడలేదు. గోడవారన ఒక్కతే కూర్చుంది.

నాలుగోరోజు పొద్దున్న రెండు లారీలొచ్చి ఆగాయి. నిండా కొత్త వాలంటీర్లు. పక్క వార్డు నుంచి దింపారు. ముందు నిలబడ్డాయన రిటైరయిన డ్రిల్లు మాస్టారు. కార్మికుల్లో కుర్రాళ్ళు రాళ్ళందుకున్నారు.

"కింద పడెయ్యండి!" మేస్త్రమ్మ కేకేసింది. "మనల్ని చూపించి వాళ్ళని, వాళ్ళని చూపించి మనల్ని కొట్టిస్తారు. నర్సమ్మా, నువ్వెళ్ళు. నీవాళ్ళ భాష నీకు తెలుసు."

నర్సమ్మ లారీ దగ్గరికి ఒక్కతే వెళ్ళింది.

"అమ్మా," అన్నాడు మాస్టారు నొచ్చుకుంటూ, "మిమ్మల్ని చూసే మా దళం పెట్టుకున్నాం. మీరే పని ఆపమంటే ఎలా?"

"ఆపమనను. ఒక్కటి అడుగుతాను. మీరు కాలవలు తియ్యకముందు మీ వార్డులో ఎవరు తీసేవారు?"

"ఉండేవాళ్ళు... ఓ పన్నెండు మంది."

"ఇప్పుడెక్కడున్నారు?"

మాస్టారు వెనక్కి తిరిగి తనవాళ్ళని చూశాడు.  "వేరేచోటికి వేశారనుకున్నాం," అన్నాడు మెల్లగా.

"నేనూ అలాగే ఏదో అనుకుంటూ కూర్చున్నాను మాస్టారూ. నా చెల్లెలి మొగుడు పోయాక అడిగాను. మీరు ముందే అడగండి."

 మాస్టారు లారీ వెనక తలుపు గొళ్ళెం తనే తీశాడు. "దిగండి. పారలు లారీలోనే వదిలెయ్యండి."

రెండు లారీలూ ఖాళీ అయ్యాయి. దిగినవాళ్ళు కార్మికుల మధ్య సర్దుకుని కూర్చున్నారు.

అప్పటిదాకా రోడ్డు అవతల నిలబడ్డ పోలీసులు అప్పుడు కదిలారు. నర్సమ్మనీ, మేస్త్రమ్మనీ రెక్కలు పట్టి లాక్కెళ్ళి వ్యానులో పడేశారు. అడ్డం వెళ్ళిన లా చదివే అమ్మాయి తల లాఠీ దెబ్బకి పగిలింది. జనం చెల్లాచెదురయ్యారు. కాసేపటికి మళ్ళీ ఒక్కొక్కరే వచ్చి షెడ్డు ముందు కూర్చున్నారు.

వ్యాను ఊచల్లోంచి నర్సమ్మకి కనిపిస్తోంది. మాస్టారు మెట్టెక్కి, పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో అంటున్నాడు. "ఏ వార్డులో ఎవరెవర్ని తీసేశారో, ఎక్కడెవరు చచ్చిపోయారో అన్నీ చెప్పండి. రాసుకుని వార్డు వార్డుకీ తీసుకెళ్దాం. ముందెవరు చెబుతారు?"

గోడవారనుంచి చెల్లెలు లేచింది. నడుచుకుంటూ జనం మధ్యకొచ్చి నిలబడింది.

"ముందు మా ఆయన సంగతి రాయండి," అంది.

వ్యాను కదిలింది.