వాకిట్లో నిలబడ్డ మనిషి

లారీ ముందు చక్రాలు ఇనుప పలక మీదికి ఎక్కగానే కాంటా గది అద్దాలు సన్నగా వణికాయి. రూతమ్మ తల ఎత్తలేదు. ముందు చక్రాలు ఎక్కితే ఒక మోత, వెనక జోడు చక్రాలు ఎక్కితే ఇంకో మోత, ఇంజను ఆగాక నిశ్శబ్దం. ఆమెకు చెవులు చాలు. బయట నర్సయ్య చెయ్యి పైకెత్తి "హో... హో..." అని గొర్రెలను ఆపినట్టు లారీని ఆపాడు. తూకం డబ్బా మీద ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. ఆమె మీట నొక్కింది. ప్రింటరు గీరుకుంటూ తూకం చీటీ కక్కింది.

"హాలియా నుంచి వచ్చిన వడ్లేనా?" చీటీని కిటికీ కన్నంలోంచి బయటికి తోస్తూ అడిగింది.

"ఔనక్కా. తేమ తక్కువనే ఉన్నది, మిల్లోళ్లు ఏమంటరో" అన్నాడు డ్రైవరు.

లారీ దిగిపోగానే ఆమె ఇంకో మీట నొక్కింది. కంప్యూటరు తెర మీద తూకాల పేజీ మాయమై ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరు కనిపించింది. ఎత్తు నుంచి ఏటవాలుగా చూసినట్టు పెంకుటిళ్లు, ఒక పడవల రేవు, రేవు పక్కన గుడిసె. గుడిసె వాకిట్లో ముగ్గురు మనుషులు, గోరంత బొమ్మలు. కత్తి పట్టుకున్నవాడు ఈ ఆటలో రూతమ్మ నడిపే వీరుడు. వాడి వెనక గడ్డం పెరిగిన ఒక మగమనిషి. ఎదురుగా తలకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి.

రూతమ్మ ఆ ఆడమనిషి మీద నొక్కింది. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఎన్నిసార్లు నొక్కినా అవే వస్తాయి.

"నా పెనిమిటి ఉప్పు గనికి పోయి తిరిగి రాలేదు. అతన్ని చూశావా?"

రెండు వేల ఎనిమిది, కోతల కాలం. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, రైస్ మిల్లుల వరస మొదలయ్యేచోట ఉంది ఆ కాంటా. రూతమ్మకు నలభై దాటాయి. పొడుగు మనిషి, కూర్చుని కూర్చుని భుజాలు ముందుకు వంగాయి. కళ్లజోడు ఒక కాడ విరిగితే నల్లదారం చుట్టుకుంది. కుడిచేతి బొటనవేలికి ప్రింటరు సిరా మరక ఎప్పుడూ ఉంటుంది, సబ్బుకు పోదు. మిషన్ స్కూల్లో చదివి ఇంటర్ తప్పింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు.

ఆ కంప్యూటరు సూర్యాపేటలో మూతపడ్డ ఒక ఇంటర్నెట్ సెంటరు నుంచి వచ్చింది. తెచ్చి బిగించిన కంప్యూటరు మెకానిక్ జితేందర్ అందులోని పాత సరుకంతా తుడవలేదు. బండ్లు రాని ఒక వానరోజు రూతమ్మ ఏదో నొక్కితే ఈ ఆట తెరుచుకుంది. పేరు చెప్పమంది. చీటీలో మొదట కొట్టేది బండి నంబరే కాబట్టి చెయ్యి అలవాటుగా ఏపీ 24 అని కొట్టేసింది. అదే ఆ వీరుడి పేరైంది. తర్వాత మూడు మాటలు చూపి ఒకటి ఎంచుకోమంది. మొదటి రెండూ ఆమె ఎన్నడూ వినలేదు. మూడోది హార్డ్. హార్డ్ డిస్కు మార్చాలని జితేందర్ అంతకు ముందువారమే అన్నాడు. తెలిసిన మాట కదా అని దాన్నే నొక్కింది.

అప్పటినుంచీ ఏపీ 24 చచ్చిపోతూనే ఉన్నాడు. ఊరు దాటితే తోడేళ్లు, అడవిలో దొంగలు, గనిలో కాపలావాళ్లు. అందరూ సరదాకి ఆడుకునే ఆట ఇంత కష్టంగా ఉండదు, తన వేళ్లే మొద్దువి అనుకుంది. ఆమెకు అది కొత్త కాదు. పాలు విరిగినా, ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా ముందు తన చేతులు చూసుకుంటుంది. ఏడేళ్ల కింద లారీ తోలే మొగుడు ఏసోబు బియ్యం లోడుతో పోయి తిరిగి రానప్పుడూ అంతే. లారీ విజయవాడ అవతల రోడ్డు పక్కన దొరికింది. తాళాలు దానికే ఉన్నాయి, మనిషి లేడు. పోలీసులు, చర్చిలో ప్రార్థనలు, తలా ఒక మాట. రూతమ్మ మాత్రం ఆ పొద్దున తను పెట్టిన సద్దిలో ఉప్పు ఎక్కువైందా, తను ఏమైనా అన్నదా అని వెతుక్కుంటూ కూర్చుంది.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఆయన గుమ్మం ముందు తడుస్తూ నిలబడ్డాడు. గడ్డం తెల్లబడింది. రూతమ్మ ఒక్క మాటే అంది: "కాళ్లు కడుక్కో." అంతే. ఎక్కడున్నావని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పటినుంచీ కిరోసిన్ గురించి, ఉప్పు గురించి, కరెంటు గురించి మాట్లాడుకుంటారు. ఆయన వసారాలో మంచం మీద, ఆమె లోపల. తను అడగకపోవడం మంచిదో కాదో ఆమెకు తెలియదు. అడిగితే ఏమవుతుందో అసలే తెలియదు.

"గీడనే ఉన్నడు గదనే!" తలుపు దగ్గరికి వచ్చిన నర్సయ్య తెరకేసి చెయ్యి చాపాడు. "ఎనకనే నిలవడ్డ మొగన్ని వెట్టుకొని సూసినవా అంటదేంది? కండ్లు వొయినయా?"

నర్సయ్యది గరిడేపల్లి. మందలో రోగం వచ్చి గొర్రెలన్నీ పోయాక ఈ కాంటా దగ్గర చేరాడు. అక్షరం ముక్క రాదు. రూతమ్మ తెలుగులో చెబుతుంటే వింటాడు, తిడతాడు, సలహాలిస్తాడు. గనిలో కాపలావాళ్లందరూ ఒక్కసారిగా మీదపడి చంపుతుంటే, సొరంగం మూతి దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణి బయటికి గుంజమన్నది అతనే. వారం రోజులు అది కూడా పనిచేయలేదు. చివరికి పనిచేసింది. గడ్డపాయన్ని సంకెళ్లు తెంపి తెచ్చారు. ఇంటి వాకిట్లో నిలబెట్టారు. అప్పుడు మొదలైంది ఈ తంతు. ఆ ఇల్లాలు ఎదురుగా ఉన్న మొగుణ్ణి చూడదు.

"నేనే ఏదో తప్పు జేసిన అన్నా" అంది రూతమ్మ.

"ఏం జేసినవ్?"

"అదే తెల్వదు."

మధ్యాహ్నం జితేందర్ సూర్యాపేట నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. ప్రింటరు రిబ్బను మార్చాడు. చేతులు తుడుచుకుంటుంటే రూతమ్మ మొహమాటపడుతూ, "పోయినసారి ఒకటి అడిగిన, యాదికుందా తమ్మీ?" అంది.

"ఆ రేవు కాడి ఆమెదా? నెట్‌ల సూసినక్కా." అతను నవ్వాడు. "మీ తప్పేం లేదు. గేమ్‌లనే తప్పున్నది. రాసినోళ్లే సక్కగ రాయలే. శానమంది ఆడనే ఇరుక్కున్నరంట."

రూతమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. "నా తప్పు కాదా?"

"కాదక్కా."

"మరి నేను ఏదన్న ముందుగాల నొక్కి, ఎనకముందు చేసి..."

"మీరేం జేసినా గట్లనే అయితుండె." అతను కుర్చీ లాక్కున్నాడు. "ఆయన మీ గుంపుల ఉన్నంతసేపు ఆమెకు కనవడడు. మీ మనిషి కిందనే లెక్క. ఆయన్ని గుంపులకెల్లి తీసెయ్యుండ్రి. వాకిట్ల వదిలేసి, మీరు ఊరు దాటిపోయి మళ్ల రావాలె. అప్పుడు గేమ్ కొత్తగ లెక్క జూసుకుంటది."

"ఊరు దాటితే తోడేళ్లున్నయి. బతకనియ్యవు."

జితేందర్ ఏదో తెరిచి చూసి పెద్దగా నవ్వాడు. "హార్డ్ పెట్టిన్రా? అన్నిట్ల కష్టమైంది గదే! నేనే ఆడలేనక్కా హార్డ్‌ల! ఇగో, గీ గీత మీది ముల్లు ఇటు గుంజితే ఆట అల్కగైతది." ఎక్కడ గుంజాలో వేలితో చూపించి, సూర్యాపేటలో పని ఉందని వెళ్లిపోయాడు.

రూతమ్మ సద్ది విప్పి తింది గాని ఏం తిన్నదో తెలియలేదు. తప్పు తనది కాదని ఇంతవరకు ఎవరూ ఆమెతో అనలేదు. అది సంతోషించే మాటే. కాని లోపల ఎక్కడో నేల కదిలినట్టయింది. తప్పు తనది కాకపోతే ఇన్నాళ్లూ దేన్ని దిద్దుకుంటూ వచ్చినట్టు?

"గుంజు చెల్లె" అన్నాడు నర్సయ్య. "ఎవ్వలకు జవాబు చెప్పాలె మనం?"

"దొంగతనం లెక్క ఉన్నదన్నా."

"మరి గా తోడేళ్లు న్యాయంగున్నయా?"

ఆమె గుంజింది.

పొద్దు వాలుతుండగా బండ్లు కాస్త పలచబడ్డాయి. రూతమ్మ గడ్డపాయన మీద నొక్కింది. ఈ తోడును నిజంగా వదిలేస్తావా అని అడిగింది ఆట. ఆమె వేలు గాలిలో ఆగింది. గనిలోంచి తెచ్చిన మనిషి. వదిలేశాక ఎటన్నా పోతే? బయట ఏదో లారీ హారన్ కొట్టింది. ఆమె ఔనని నొక్కింది. గడ్డపాయన వాకిట్లో అలాగే నిలబడ్డాడు. ఏపీ 24 ఒక్కడే ఊరు దాటాడు.

తోడేళ్లు వచ్చాయి. రెండేసి దెబ్బలకు పడిపోయాయి. ఇన్నాళ్లూ తనను చంపిన తోడేళ్లు ఇవేనా అని రూతమ్మ బిత్తరపోయింది. పడిపోయిన వాటివంక చూస్తూ కూర్చుంది. గెలిచినట్టే లేదు.

అద్దాలు వణికాయి. ముందు చక్రాలు, వెనక చక్రాలు.

"చెల్లే!" బయటినుంచి నర్సయ్య కేక. "జర బయటికి రా!"

"ఆగన్నా, ఊర్లకు పోతున్న."

"చెల్లే, ఒక్కసారి..."

"వస్తున్న, ఒక్క నిమిషం!"

ఆమె తూకాల పేజీకి మారి మీట నొక్కింది. ప్రింటరు గీరింది. మేళ్లచెరువు సిమెంటు లోడు. రాగి కడియం వేసుకున్న డ్రైవరు చెయ్యి కన్నంలోంచి చీటీ అందుకుంది. లారీ దిగిన మోత విని, ఆమె మళ్లీ ఊళ్లోకి పోయింది. రేవు, గుడిసె. తలగుడ్డ ఆమె మీద నొక్కింది.

ఈసారి ఆమె ఏపీ 24 వైపు తిరగలేదు. ఇటు తిరిగింది, గడ్డపాయన వైపు. అక్షరాలు వచ్చాయి. రూతమ్మ పెదాలు కదుపుతూ చదివింది. ఆ ఇద్దరూ గుడిసెలోకి నడిచారు. తలుపు మూసుకుంది. వాకిట్లో ఏపీ 24 ఒక్కడే మిగిలాడు. ఇంకేమీ జరగలేదు.

"అయిపోయిందన్నా!" ఆమె కేకేసింది.

నర్సయ్య గుమ్మంలోకి వచ్చాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తెరవైపు చూశాడు గాని దగ్గరికి రాలేదు. "ఏమన్నది?"

"బువ్వ సల్లారిపోయింది, లోపటికి రా అన్నది."

"ఏడికి వొయినవని అడగలేదా?"

"అడగలే." రూతమ్మ అటు తిరిగింది. "నువ్వెందుకు పిలిచినవ్?"

నర్సయ్య రోడ్డుకేసి చూశాడు. దుమ్ము ఇంకా అణగలేదు. "ఏం లేదు చెల్లె" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకుని, "జల్ది ఇంటికి పో ఇయ్యాల. బండ్లొస్తే నేను ఆపుత" అన్నాడు.

"ఎందుకన్నా?"

"పో, చెప్తున్న గదా."

అతనికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది ఆమె. అయినా పొమ్మంటున్నది తనను కదా. అర్థం కాక సంచి తీసుకుని బయల్దేరింది.

ఆటోలో కోదాడ పోయే జనం మధ్య ఒదిగి కూర్చుని రూతమ్మ ఒక మాటను నాలుక మీద తిప్పుకుంటూ వచ్చింది. ఏడున్నవ్ ఇన్నేండ్లు? మెల్లగా అడగాలా, అన్నం పెడుతూ అడగాలా? ఏడున్నవయ్యా? అయ్యా అనకూడదేమో. ఆయన మౌనంగా ఉంటే? ఉండనీ. తప్పు తనది కాకపోవచ్చు కదా. కాకపోతే అడగొచ్చు కదా. కాలనీ మలుపు దగ్గర దిగి పాలకూర కొంది. ఆయనకు పాలకూర పప్పు ఇష్టమో కాదో ఇప్పుడు గుర్తు రాలేదు. అదీ అడగాలి.

వసారాలో మంచం గోడకు నిలబెట్టి ఉంది. పక్కింటి సాలమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తింది.

"నీకు చెప్పి పోలేదా రూతమ్మా?"

"ఎవలు?"

"మీ ఆయన. పొద్దు వాలంగ సిమెంటు లారీ ఆపి ఎక్కిండు. చేతుల సంచి ఉండె. నీకు చెప్పే ఉంటడనుకున్న."

రూతమ్మ రోడ్డు వైపు తిరిగింది. "ఎటు వొయింది లారీ?"

"మీ కాంటా దిక్కే."

రాగి కడియం చెయ్యి. నర్సయ్య కేక. ఒక్క నిమిషం అన్న తన గొంతు. కాంటా మీద ఏ బండి తూకమైనా సాయంత్రం దాకా ఆమెకు గుర్తుంటుంది. ఈ బండిది ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆ తూకంలో ఆయన కూడా ఉన్నాడు.

"ఏమన్న అన్నడా?"

"కిరోసిన్ తెచ్చి పెట్టిన అని చెప్పుమన్నడు. గంతే." సాలమ్మ చేట దించి దగ్గరికి వచ్చింది. "లొల్లి గిట్ల అయిందా?"

"లేదు." రూతమ్మ అంది. "ఏం కాలే. మేం ఏం మాట్లాడుకోనేలేదు."

సాలమ్మ ఆమె చేతిలోని పాలకూర కట్టలు తీసుకుని గడప మీద పెట్టింది. పొయ్యి మీద ఎసరు ఉందంటూ వెళ్లింది. రూతమ్మ లోపలికి పోయింది. కిరోసిన్ డబ్బా నిండుగా ఉంది. బిందె నిండుగా ఉంది. సరంజామా అంతా ఎక్కడిది అక్కడే ఉంది. అడగాలనుకున్న మాట ఇంకా నోట్లోనే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెరటి తలుపు తీసింది.

దండెం మీద ఆయన నీలం అంగీ ఉంది. తను ఉతికింది కాదు. పోయేవాడు అంగీ ఉతికి ఆరేయడమెందుకు? వచ్చేవాడైతే సంచి పట్టుకుపోవడమెందుకు? లోపలికి తీసుకుపోదామని చెయ్యి చాపి, తడి తగిలి, మళ్లీ వదిలేసింది. పొద్దుగూకే వెలుగులో ఆ అంగీ గుండీలన్నీ మెడదాకా పెట్టి ఉన్నాయి, చేతుల అంచుల నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కగా రాలుతున్నాయి.