సముద్ర సింహాల కంపు

ఏడాదికి ఒక్కరోజు, చెట్లు పూతకొచ్చే కాలంలో, ఆ హోటల్ పొయ్యిలన్నీ ఆర్పేసి వంటవాళ్ళందరూ వ్యాన్ ఎక్కుతారు. పొద్దున నారింజ తోట, మధ్యాహ్నం ద్రాక్ష తోటలో భోజనమూ వైనూ, సాయంత్రం సముద్రపు ఒడ్డున బండల మీద సముద్ర సింహాలు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరుస. వ్యాన్లో ఎవరి సీటు వాళ్ళది. ఈసారి డ్రైవర్ వెనకాల కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఒకరిద్దరు దాని మీద సంచులు పెట్టబోయి, ఎందుకొచ్చిందిలెమ్మని ఒళ్ళో పెట్టుకున్నారు. అది చేపల బాబాయి సీటు.

దాని పక్కది ముక్కక్కది. ఆ పేరు ఊరికే రాలేదు. ఆ వంటగదిలోంచి ఏ గిన్నె బయటికి పోవాలన్నా ముందు ఆవిడ ముక్కు కిందికి రావాలి. మూత తీసి ఒక్కసారి పీల్చి "ఊఁ" అంటే పోతుంది, అనకపోతే మళ్ళీ పొయ్యెక్కుతుంది. పాలు విరగకముందే విరగబోతున్నాయని చెప్పే ముక్కది. అందరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడా పెట్టుకుంది, అబద్ధమెందుకు.

మూడు నెలల కిందట ఆవిడకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులుండి తగ్గింది గానీ, పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. కాఫీ ఉత్త వేణ్ణీళ్ళయింది. సబ్బుకూ రొట్టెకూ తేడా చేతికే తెలిసింది. డాక్టర్ "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అన్నేళ్ళు చదవాలా అని ఆవిడకు ఒళ్ళు మండింది. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని ముక్కక్కను వంటగదిలో ఏం చేసుకుంటారు? ఈ వయసులో ఇంకో పని ఎవరు నేర్పుతారు? అందుకని రోజూ మూత తీసేది, పీల్చేది, వండినవాళ్ళ మొహం చూసేది. ఆ మొహంలో ధైర్యం కనిపిస్తే "ఊఁ" అనేది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అలాగే నెట్టుకొచ్చింది.

చివరికి ఒక చేప దగ్గర దొరికిపోవాల్సింది. దొరకలేదు. బాబాయి ఆ చేపను పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ దగ్గరికే తెచ్చాడు. "ఎందుకో అనుమానంగా ఉందమ్మా. నా ముక్కు ముసలిదైపోయింది, నువ్వు చూడు" అన్నాడు. ఆవిడ వంగి పీల్చింది. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వే ఉంది. "ఊఁ" అంది. ఆ చేప తిన్న ఆరుగురు ఆస్పత్రి పాలయ్యారు.

మర్నాడు గురువుగారు అందరినీ నిలబెట్టారు. హోటల్ ఆయనదే, వీళ్ళందరికీ కత్తి పట్టడం నేర్పిందీ ఆయనే. "చేప నీకు చూపించాడా అమ్మాయ్?" అని అడిగారు.

"లేదండీ."

ఆ మాట ఆవిడ ఆలోచించేలోపే నోరు దాటింది. బాబాయి ఆవిడ వంక చూశాడు. వాదించలేదు. ఏప్రన్ విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మంచి చేపను వాసనతో పట్టుకోవడం ఆవిడకు నేర్పిన మనిషి ఆయనే. అప్పట్నుంచి ఆవిడకు తిండి లేదు, నిద్ర లేదు. ముక్కు తిరిగొచ్చిన రోజు నిజం చెప్పేస్తానని తనలో తాను ఒట్టు పెట్టుకుంది. వాసన తెలిసే మనిషినైతే గెంటెయ్యరు కదా అని ఆవిడ లెక్క. పిరికిదాని ఒట్టు అలాగే ఉంటుంది.

నారింజ తోట తెల్లగా విరగబూసి ఉంది. తేనెటీగల రొదకు మాట వినపడటం లేదు. అందరూ కొమ్మలు వంచుకుని మొహాలు పూలల్లో దూర్చారు.

"అబ్బ, ఏం వాసన" అంది ముక్కక్క, అందరికంటే గట్టిగా.

తర్వాత ఎవరూ చూడకుండా చెట్టు చాటుకెళ్ళి, గుప్పెడు పూలు నలిపి ముక్కులో కుక్కుకున్నంత పని చేసింది. చల్లగా తగిలాయి, అంతే. తిరిగొచ్చేసరికి కళ్ళెర్రగా ఉంటే పుప్పొడి పడిందంది.

ద్రాక్ష తోటలో బల్లల మీద కాల్చిన కోడి, రొట్టె, జున్ను పెట్టారు. తినేముందు ఏటా ఒక పరీక్ష ఉంటుంది. తోట యజమాని ఆరు గ్లాసుల్లో వైన్ పోస్తాడు. అందులో ఒకటి పాడైంది. ముక్కక్క దాన్ని పట్టుకోవాలి. ఆవిడ ఆరు గ్లాసులూ వరుసగా ఎత్తి పీల్చింది. ఆరూ నీళ్ళే. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగో గ్లాసు పోసేటప్పుడు యజమాని ఆవిడ మొహం వంక ఒక్క క్షణం చూశాడు.

"నాలుగోది. బిరడా కుళ్ళింది."

అందరూ చప్పట్లు కొట్టారు. గురువుగారు ఆవిడ భుజం తట్టారు. "ఆ రోజు ఆ చేపను నీకు చూపించి ఉంటే ఎంత బావుండేదమ్మా. ముసలాడు పొగరుకు పోయాడు" అన్నారు. ఆవిడ నోట్లో ఉన్న రొట్టె ముద్ద మింగుడు పడలేదు. గ్లాసుడు వైన్ పోసి దాన్ని లోపలికి తోసింది.

ఇక మిగిలింది సముద్ర సింహాలు. ఆ బొద్దు సముద్ర జంతువులు వందల కొద్దీ, బండల మీద పొర్లుతూ, పోట్లాడుకుంటూ, అరుస్తూ ఉంటాయి. వాటి పెంటా, తిని వదిలేసిన చేపలూ ఎండకు కుళ్ళి, ఆ కంపు వ్యాన్ తలుపు తియ్యకముందే లోపలికొస్తుంది. ఏటా తలుపు దగ్గర బాబాయి "ఏమ్మా, ఈ ఏడు కంపెలా ఉంది?" అని అడిగేవాడు. ఆవిడ ముక్కు మూసుకుని, "పోయినేటికంటే నాలుగు చేపలు ఎక్కువే బాబాయ్" అనేది. అదో మురిపెం వాళ్ళకు.

ఈసారి ఎవరూ అడగలేదు. అందరూ చేతిగుడ్డలు ముక్కుకు కట్టుకుని దూరంగానే ఆగిపోయారు. ముక్కక్క ఆగలేదు. ఇది కూడా తెలియకపోతే ఇక ఏదీ తెలియదు. బండలు దిగి, చివరికంటా వెళ్ళి, వాటికి పదడుగుల దూరంలో నిలబడి, నోరు మూసుకుని, గుండెల నిండా పీల్చింది. మళ్ళీ పీల్చింది. రా, ఒక్కసారి రా అని ఆ కంపును బతిమాలుకుంది. పొద్దుటి నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నటించిన మనిషి, అక్కడ నటించడం మర్చిపోయింది.

వెనక్కి తిరిగేసరికి గురువుగారు నాలుగు బండల అవతల నిలబడి ఉన్నారు. ముక్కుకు గుడ్డ అదిమి పట్టుకున్నారు. ఆ కంపుకు కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళు ఆవిడ మొహాన్నే చూస్తున్నాయి.

"జలుబు చేసిందా అమ్మాయ్?" అన్నారు చాలా నెమ్మదిగా.

ఊఁ అంటే సరిపోయేది. ఆయన ఆ దారి ఇస్తున్నారని ఆవిడకు తెలుసు.

"ఆ చేప నాకు చూపించాడండీ" అంది. "చూపించి, నన్నడిగే పంపాడు."

గురువుగారు జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, ఆవిడ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి పైకెక్కిపోయారు.

అవతల ఫోనెత్తారు. ఆవిడ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. వెనక సముద్ర సింహాలు అరుస్తూనే ఉన్నాయి.

"ఎవరూ? ఓహో, బండల దగ్గరికి చేరిపోయారా?" అన్నాడు బాబాయి. ఇటు ఆవిడ ఊపిరి వినిపించిందేమో. "అమ్మా, నువ్వేనా? ఈ ఏడు కంపెలా ఉంది?"

"తెలియట్లేదు బాబాయ్" అంది ముక్కక్క. "ఆ రోజు కూడా తెలియలేదు."