మోచేతి దగ్గర ముడత

“ఇక్కడేమీ లేదు,” అన్నాడు డాక్టరు.

ఆకుపచ్చ తెరకు ఇవతల పడుకున్న మాస్టరమ్మకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. చంకలో ఇచ్చిన మత్తుమందుతో కుడిచెయ్యి మొద్దుబారిందిగానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. తెరకు అవతల ఆమె మోచేతిని కోసి నలభై నిమిషాలైంది. కోయడం ఇది రెండోసారి. ఇప్పుడు ఏమీ లేదంటాడేమిటి?

“పాత మచ్చ బిగుసుకోలేదా సార్?” జూనియర్ డాక్టరమ్మ అడిగింది.

“మచ్చ ఉండాల్సినంతే ఉంది. అది నరాన్ని నొక్కట్లేదు.”

“బెల్టు బిగించి యాభై నిమిషాలైంది,” మత్తు డాక్టరు గుర్తుచేశాడు. కోసిన చోటికి రక్తం రాకుండా జబ్బకు గాలి బెల్టు బిగించారు. దాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు.

కోట్లు, యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె కటింగ్ మాస్టరు. ఇరవై ఆరేళ్లుగా పొడవాటి బల్ల ముందు నిలబడి పెద్ద కత్తెరతో గుడ్డ కోస్తోంది. రెండేళ్ల కిందట చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. మోచెయ్యి గోడకు తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనే నరమొకటుంది కదా, అది ఎముక వెనక నలిగిపోతోందని ఈ డాక్టరే చెప్పాడు. పది నెలల కిందట ఆ నరాన్ని ఎముక వెనక నుంచి తీసి ముందువైపుకు మార్చాడు. ఒక నెల హాయిగా గడిచింది. తర్వాత తిమ్మిరి రెట్టింపై తిరిగొచ్చింది. మోచెయ్యి వంచితే చాలు, వేళ్లు ఎవరివో అన్నట్టుండేవి. పోయిన నెల కత్తెర చేతిలోంచి జారి, పాదానికి బెత్తెడు దూరంలో పడింది.

యజమాని తెగేసి చెప్పాడు. “నరాల సంగతి నాకు తెలీదు మాస్టరమ్మా. ఎందుకిలా అయిందో డాక్టరు చేత రాయించుకు రా. రెస్టు తీసుకోకుండా నువ్వే పాడుచేసుకున్నావని రాశాడనుకో, నీ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తా. నువ్వు బట్టలు మడతపెట్టే గదికి పో.”

అలాగే రాస్తాడని ఆమె భయం. మొదటి ఆపరేషన్ అయిన పన్నెండో రోజున, కట్టు కట్టి ఉండగానే, ఇంట్లో భోజనాల బల్ల మీద ఆమె ఒక కోటు కోసింది. అరగంట పని. చెల్లెలు చూడనే చూసింది, వెళ్లి డాక్టరుకు చెప్పనే చెప్పింది. ఆయన ఫైల్లో ఒక ముక్క రాసుకున్నాడు: రోగి సలహా పాటించలేదు.

ఇవాళ పొద్దున స్ట్రెచరు పక్కన నడుస్తూ కూడా చెల్లెలు వదల్లేదు.

“పన్నెండో రోజున కత్తెర పట్టిందెవరక్కా? నేనా?”

“నేనే తల్లీ. ఎన్నిసార్లు ఒప్పుకోను?”

“మళ్లీ పట్టావంటే అదే కత్తెరతో నా జడ కోసి నీ చేతిలో పెడతా, చూస్కో.”

“ఆ పిలక కోయడానికి అంత కత్తెర దేనికే? గోళ్ల కత్తెర చాలు,” అంది మాస్టరమ్మ. అంతలోనే థియేటరు తలుపు మూసుకుంది.

“చెయ్యి చాపితే నరం వదులుగానే ఉంది,” తెర అవతల డాక్టరు అంటున్నాడు. “నెమ్మదిగా వంచు... ఆగాగు! చూశావా, తీగలా ఎలా బిగిసిందో!”

“ఎక్కడ పట్టేస్తోంది సార్?”

“అదే అంతుచిక్కట్లేదు. కిందకి, ముంజేతి వైపు ఇంకాస్త విప్పి చూద్దాం.”

మాస్టరమ్మ కళ్లు మూసుకుంది. చాపితే బాగుంటుంది, వంచితే పట్టేస్తుంది. ఈ ఫిర్యాదు ఆమెకు కొత్తది కాదు. ట్రయల్ గదిలో అద్దం ముందు నిలబడి ఎంతమంది అనలేదు! నోరు ఊరుకోలేదు.

“కిందకి విప్పకండి డాక్టరుగారూ. చెయ్యి మోచేతి దగ్గర పట్టేసిందంటే తప్పు అక్కడుండదు.”

మత్తు డాక్టరు ఆమె మీదకు వంగాడు. “ఏమ్మా, చెయ్యి నొప్పి తెలుస్తోందా?”

“నా చెయ్యి కాదు నాయనా, కోటు చెయ్యి.”

“మగతలో ఉన్నారు,” అన్నాడాయన నర్సుతో.

“మగతా లేదు గిగతా లేదు. కోటు చెయ్యి వంచినప్పుడు మోచేతి దగ్గర ముడతపడి లాగిందనుకోండి, పని రానివాళ్లు ఆ మోచేతి కుట్టే విప్పుతారు. విప్పి చెడగొడతారు. గుడ్డ పట్టేసేది పైన, చంక దగ్గర. ముడత మాత్రం కింద కనపడుతుంది. పైన చూడండి.”

నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరు నవ్వలేదు. పళ్లెంలో ఏదో పరికరం పెట్టిన చప్పుడైంది.

“పైన ఎలా చూస్తారు? బెల్టుంది కదా,” అన్నాడు మత్తు డాక్టరు.

“ఉంది,” అన్నాడు డాక్టరు. తర్వాత చాలా నెమ్మదిగా, “పోయినసారీ అక్కడ బెల్టే ఉంది.”

తెర పైనుంచి డాక్టరు కళ్లు తొంగిచూశాయి.

“అమ్మా, బెల్టు తీసేసి జబ్బ వైపు కోయాలి. రక్తం వస్తుంది కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది. పైన మత్తు సరిగ్గా అందదు. ఇంజెక్షన్లు ఇస్తాను, అయినా కొంత నొప్పి తెలుస్తుంది. వద్దంటే ఇక్కడితో కుట్లు వేసేస్తాను.”

“వేసేస్తే?”

“ఆ రెండు వేళ్ల మీద ఆశ వదులుకోవాలి.”

“సగం విప్పిన కోటును ఎవరైనా తిరిగి పంపిస్తారా? కానివ్వండి.”

బెల్టులోంచి గాలి బుస్సుమంది. జబ్బలోకి సూదులు దిగాయి. ఆ తర్వాత వచ్చిన నొప్పి కొంత కాదు. మాస్టరమ్మ పంటి బిగువున భరిస్తూ పడుకుని, కాలర్ నుంచి మొదలుపెట్టి మనసులోనే ఒక కోటు కోసుకుంటూ పోయింది. రెండో జేబు దగ్గరికి వచ్చేసరికి జూనియర్ డాక్టరమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది.

“సార్, ఇదిగో!”

జబ్బలో ముందు కండకూ వెనక కండకూ మధ్య గట్టి పొర ఒకటుంటుంది, నిలబెట్టిన అట్టముక్కలా. నరాన్ని వెనక దారి నుంచి ముందు దారికి మార్చినప్పుడు అది ఈ పొర అంచును దాటి రావాలి. అంచును తీసేస్తేనే దారి సాఫీగా ఉంటుంది. ఇక్కడ అంచు చెక్కుచెదరకుండా ఉంది. మోచెయ్యి వంచినప్పుడల్లా నరం దాని మీద పడి, పిట్టగోడ అంచుకు ఒరుసుకునే తాడులా నలుగుతోంది. పది నెలలుగా, రోజుకు వెయ్యిసార్లు.

“దారి మార్చినప్పుడే దీన్ని తీసెయ్యాలి కదా సార్...” జూనియర్ డాక్టరమ్మ మాట మధ్యలో మింగేసింది.

“కత్తెర,” అన్నాడు డాక్టరు.

ఆ చప్పుడు మాస్టరమ్మ గుర్తుపట్టింది. చిన్న కత్తెరే గానీ, మంచి పదును మీదుంది.

“ఇప్పుడు వంచు.”

“వదులుగా ఉంది సార్! పూర్తిగా వంచినా వదులుగానే ఉంది.”

కుట్లు పడుతుండగా జూనియర్ డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది. “కారణం కింద ఏం రాయమంటారు? పాత మచ్చ అని రాసేదా?”

“నేను రాస్తాలే.”

ఆ జవాబు మాస్టరమ్మకు నచ్చలేదు. ఇలాంటి జవాబు లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు. ఒకసారి ఒక పెద్దమనిషి కోటు భుజం దగ్గర బిగుతుగా వచ్చింది. తప్పు తన కోతలో ఉందని టేపు పెట్టగానే తెలిసింది. యజమాని పక్కనే నిలబడ్డాడు. “ఈ మధ్య మీరు కాస్త లావయ్యారు సార్,” అందామె. ఆయన సిగ్గుపడి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఆ బిగుతు కోటే వేసుకుని వెళ్లిపోయాడు. ఈ డాక్టరుకు ఆ మాటైనా అక్కర్లేదు. సలహా పాటించలేదని, అంటే ఆమే లావైందని, పది నెలల కిందటే ఫైల్లో రాసి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరు వార్డుకు వచ్చాడు. చేతిలో ఫైలు, దాని మీద మడిచిన కాగితం. చెల్లెలు స్టూలు మీంచి లేచింది.

“దొరికాడా సార్ దొంగ? మా అక్క కత్తెరే కదా?”

“ముందు చేతి సంగతి చెబుతాను,” అన్నాడాయన. “నరం మీద ఒత్తిడి తీసేశాం. కానీ అది చాలా నలిగింది. స్పర్శ ఎంత తిరిగొస్తుందో ఆరు నెలలు ఆగితేగానీ చెప్పలేను. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను.”

మాస్టరమ్మ తలూపింది. ఎడమచేత్తో కాగితం వైపు చూపించింది. “లావయ్యానని రాశారా?”

“ఏమిటీ?”

“ఏం లేదులెండి. మా యజమానికి చూపించాలి, ఇటివ్వండి.”

ఆయన ఇవ్వలేదు. మంచం అంచున కూర్చున్నాడు. “చదువుకునే ముందు నా నోటితో వినాలి. ఫైల్లో మీ గురించి రాసిన పాత ముక్క కొట్టేశాను. జబ్బలో తీసెయ్యాల్సిన పొర ఒకటి మిగిలిపోయింది. వేళ్లు చెడింది దానివల్ల.”

“మరి పన్నెండో రోజు కోసిన కోటో?” చెల్లెలు వదల్లేదు.

“ఆవిడ ఆ రోజు పది కోట్లు కోసినా, ఏడాదంతా మంచం దిగకపోయినా, ఆ పొర అక్కడే ఉండేది.”

చెల్లెలు అక్క వైపు చూసింది. పది నెలలుగా అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు ఆమె ముఖం ఎర్రబడింది. ఆ కోపమంతా డాక్టరు మీదకు తిరిగింది.

“అయితే దాన్ని అక్కడ వదిలేసిన మహానుభావుడెవరు సార్?”

పక్క మంచం మీద ఏదో తింటున్న ఆవిడ నమలడం ఆపింది. మాస్టరమ్మ కాగితం వైపు కాకుండా ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన కాగితం విప్పి, సంతకం ఉన్న వైపు పైకి పెట్టి, ఆమె ఎడమచేతిలో ఉంచాడు.

“నేను,” అన్నాడు, వార్డంతా వినపడేలా. “నేనే.”