నత్తపెంకు

"తువ్వాలెక్కడోయ్?" స్నానాలగదిలోంచి భర్త కేక. తలుపు వెనక మేకుకే ఉంది. రోజూ అక్కడే ఉంటుంది. ఆ సంగతి చెప్పి ఒప్పించడం కంటే వెళ్లి అందించడమే సులువని ఆమె పెళ్లైన కొత్తలోనే తేల్చుకుంది. పాలు పొంగకుండా మంట తగ్గించి, తడిచేతులు తుడుచుకుని వెళ్లి, అతని భుజానికి జానెడు దూరంలో వేలాడుతున్న తువ్వాలు తీసి చేతికిచ్చింది. అతను చెడ్డవాడు కాదు. ఇంటికెవరొచ్చినా నవ్వుతూ, "మా ఆవిడ లేకపోతే నాకు జేబురుమాలు కూడా దొరకదండీ" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. తన చేతకానితనాన్ని మనిషి ఇంత దర్జాగా ఎలా చెప్పుకుంటాడా అని మొదట్లో వింతగా ఉండేది. తర్వాత్తర్వాత తెలిసింది, అతను చెప్పేది చేతకానితనం గురించి కాదు, చేసిపెట్టే మనిషి ఉందన్న సంగతి గురించి.

ఆ ఉదయం ఆమె మనసు వంటింట్లో లేదు. సంచిలో ఆరో తరగతి పరీక్ష కాగితాల కట్ట ఉంది. అందులో ఒకే పిల్లవాడి పేరుతో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి చివరిదాకా నిండుగా ఉంది, రెండోది సగంలో ఆగిపోయింది. రెండింట్లోనూ చేతిరాత ఒక్కటే. ఒక ఆడపిల్ల పేరుతో మాత్రం కాగితమే లేదు.

ఆ పిల్లవాణ్ణి క్లాసంతా నత్త అంటారు. అలా అనొద్దని ఎన్నిసార్లు కోప్పడినా ఆ పేరు వాణ్ణి వదల్లేదు. చదువుతున్న వరుస కళ్లముందే చీమలబారులా చెదిరిపోతుందని వాడే ఒకసారి చెప్పాడు. మొద్దు కాదు, నెమ్మది. పదం కింద వేలు పెట్టి, పక్కన కూర్చుని, విసుక్కోకుండా కాచుకునే మనిషొకరు కావాలి వాడికి. క్లాసులో యాభైమంది. అందుకని ఆమే రెండేళ్ల కిందట, వీళ్లు నాలుగో తరగతిలో ఉన్నప్పుడే, ఒక ఉపాయం ఆలోచించింది. వెనకబడిన ప్రతి పిల్లవాడి పక్కనా బాగా చదివేవాళ్లని కూర్చోబెట్టింది. మొదట మగపిల్లల్ని పెట్టి చూసింది. వాళ్లు తమది తాము రాసుకుని, పక్కవాణ్ణి వెక్కిరించి ఊరుకున్నారు. ఆడపిల్లలైతే చెప్పిన మాట వింటారు. హెడ్మాస్టరుగారు దానికి జోడీ పద్ధతి అని పేరు పెట్టి, తనిఖీకి వచ్చిన వాళ్లందరికీ చూపించి మెప్పు పొందారు. నత్త పక్కన కూర్చున్న రెండు జడల పిల్ల అలా నత్తపెంకు అయింది. ఆ పిల్ల బడికి రాని రోజున వెనక బెంచీలోంచి ఎవడో, "ఒరే నత్తా, నీ పెంకేదిరా? ఇవాళ ఎక్కడ దూరతావు?" అన్నప్పుడు ఆమెకే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం విరామంలో నత్తపెంకుని స్టాఫ్‌రూముకి పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఇందులో నీదేదమ్మా అని అడిగితే పిల్ల సగం రాసినదాని మీద వేలు పెట్టింది.

"మరి నీ పేరేది?"

"ముందు వాడి కాగితం వాడి పేరుతో రాసిచ్చాను టీచర్. నాది మొదలెట్టేసరికి చేతికి మళ్లీ వాడి పేరే వచ్చేసింది." అదేదో చిన్న పొరపాటైనట్టు సిగ్గుగా నవ్వింది. పరీక్షలో వాడికి రాసిపెట్టడం తప్పని ఆ పిల్లకి తోచనేలేదు. రెండేళ్లుగా చేస్తున్న పనే కదా. సగంలోనే ఎందుకాపావంటే టైమైపోయిందంది. ఇన్నాళ్లుగా తను ఆ పిల్లతో అంటూ వచ్చిన మాట ఆమె గొంతుదాకా వచ్చి ఆగింది. నీకు ఓపిక ఎక్కువ తల్లీ, అని. ఆ మాట ఎక్కడిదో ఆమెకి తెలుసు. పెళ్లి మాటల్లో అత్తగారు ఆమె ముఖంలోకి చూసి అంది, పిల్లకి ఓపిక ఎక్కువలా ఉంది, మావాడికి సరిపోతుంది అని. అప్పుడదొక మెప్పులా వినిపించింది. ఆ తర్వాత అతను పదోన్నతి పరీక్షకి కూర్చుంటే పుస్తకాలన్నీ చదివి, సులువైన మాటల్లో రాసిపెట్టి, తెల్లవారుజామున లేపి ఒప్పజెప్పించుకుంది. అదే ఏడాది ఆమె కూడా ఒక పరీక్ష రాయాల్సింది. అత్తగారి మోకాళ్లకి ఆపరేషనైంది, రాయలేదు. ఎవరూ వద్దనలేదు. ఆమెకి ఇప్పటికీ మింగుడుపడనిది అదే, ఎవరూ వద్దనలేదన్నది. అడ్డుపడితే కనీసం ఎదురు తిరగడానికి ఒక ముఖమైనా దొరికేది.

పిల్లని పంపేసి ఆమె హెడ్మాస్టరు గదికి వెళ్లింది. జోడీలు విడదీస్తానంది. వెనకబడిన వాళ్లకి రోజూ ఒక పీరియడు విడిగా ఇవ్వమని, తానే కూర్చుంటానని అడిగింది. ఆయన సావధానంగా విన్నారు. టైంటేబిల్లో చోటెక్కడుందమ్మా, బడి వదిలాక కూర్చోండి, మిమ్మల్నెవరు వద్దన్నారు అన్నారు. ఆ మాటే మళ్లీ. అయినా నడుస్తున్న బండిని ఎందుకు ఆపడం అని కూడా అన్నారు.

సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. భర్త టీవీ గొంతు తగ్గించి మరీ విన్నాడు, విని, "పాపం, ఆ పిల్లాడి గతేంటి మరి?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పిల్ల గతేంటని ఎవరికీ ముందు తట్టదు, రెండేళ్లుగా తనకీ తట్టలేదు. అత్తగారు మంచం మీంచే, "ఆడపిల్లకి పోయేదేముందమ్మాయ్, నలుగురికీ చెబితే చదువు పెరుగుతుంది గానీ తరుగుతుందా?" అంది. కాగితం సగంలోనే ఆగిపోయిందత్తయ్యా అని చెప్పబోయి ఊరుకుంది. తరిగిపోయిన మనిషి ఎదురుగా నిలబడి పళ్లెంలో వడ్డిస్తున్నా కనపడనివాళ్లకి, కాగితం ఏం కనపడుతుంది? బడి వదిలాక ఒక గంట ఉండిపోతానంటే, మరి అమ్మ మందులూ కాళ్లకి కాపడమూ ఎవరు చూస్తారని అడిగాడు భర్త, నిజంగా తెలియక అడిగినట్టే.

మర్నాడు ఆమె నత్తపెంకుని కిటికీ పక్క బెంచీకి మార్చింది. సంతోషిస్తుందనుకుంది. పిల్ల సంచి గుండెకి హత్తుకుని లేచి, నడవలో ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"నేనేం తప్పు చేశాను టీచర్?"

ఏ తప్పూ చెయ్యలేదని, నీ పని నువ్వు చేసుకోవాలని ఎంత చెప్పినా ఆ ముఖంలో వెలుగు రాలేదు. చాకిరీ ఒక్కటే తన విలువ అనుకున్న మనిషికి చాకిరీ తీసేస్తే శిక్షలాగే ఉంటుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ వెతుక్కోనక్కర్లేదు ఆమెకి. అత్తగారు ఊరెళ్లిన వారంలో తనకేం తోచక పిచ్చిదానిలా అలమరాలన్నీ సర్దింది తానే.

ఖాళీ అయిన చోట ఆమె కూర్చుంది. నత్త నోటుబుక్కు తెరిచాడు. ఏడాది పాఠాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి. ఇందులో ఒక్క వరుస చదవరా నాన్నా అంది. వాడు చదవలేదు. ఒక్క పదం కూడబలుక్కోవడానికే చెమటలు పట్టాయి. ఇన్నాళ్లూ వాడు నేర్చుకున్నది చదువు కాదు, పక్కనొకరు ఉంటారన్న ధీమా. చివరికి ఆమె వేలు వెంట నడిచి నడిచి "వాన" అని చదివి, తనే నమ్మలేనట్టు తలెత్తి చూశాడు. రెండేళ్లలో ఆ కళ్లు అలా చూడటం అదే మొదలు. అప్పటికి వెనక క్లాసంతా సంతలా అయిపోయింది. బెంచీ మీదికెక్కి ఎవడో దూకాడు. గుమ్మంలో హెడ్మాస్టరుగారు నిలబడి ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లనీ, ఆమె కూర్చున్న చోటునీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయారు.

ఆ మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరుగారు ఆమెని ఆఫీసులో మార్కులు ఎక్కించే పనికి పిలిపించారు. మీకైతే ఓపిక ఎక్కువ అన్నారు. అది ముగించి ఆమె క్లాసుకి వెళ్లేసరికి నత్త పక్కన చోటు నిండిపోయింది. పక్క సెక్షను నుంచి తెచ్చి కూర్చోబెట్టారట, సన్నగా, బెదురు చూపులతో ఒక కొత్త పిల్ల. ముందుకు వంగి వాడి నోటుబుక్కులో అంచుగీత కొడుతోంది. వాడు తన పెన్సిల్ ఆ పిల్లే అందిస్తుందని చెయ్యి చాపి ఊరికే కూర్చున్నాడు.

వాళ్ల పక్కన, నడవలో, నత్తపెంకు నిలబడి ఉంది. తన చోటు వదిలి వచ్చింది. ఏడవడం లేదు ఇప్పుడు. పెద్ద ఆరిందాలా కొత్త పిల్ల భుజం మీద చెయ్యేసి, మెల్లగా, ఎంతో దయగా చెబుతోంది.

"వాడికి కోపమొస్తే గిల్లుతాడు, నువ్వేం అనకు, కాసేపటికి తగ్గిపోతుంది. ముందు వాడిది రాసిపెట్టు, అయిపోయాక నీది రాసుకో. అలా అయితే ఎవ్వరూ ఏమీ అనరు."

కొత్త పిల్ల బుద్ధిగా తలూపింది.