ఎదురెదురు కిటికీలు

పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని, పాప మంచం వెనక గోడ తుడవడం. బకెట్లో బ్లీచింగ్ నీళ్లు, ముక్కుకో గుడ్డ. తుడిచినప్పుడు నల్లమచ్చలు పోతాయి, గట్టిగా వాన పడిందంటే మళ్లీ వస్తాయి, ఈసారి ఇంకాస్త పెద్దవై. ఇవాళెందుకో బీరువా కూడా జరిపి చూశాను. పై ప్రాణాలు పైనే పోయాయి. నేల దగ్గర్నుంచి నా భుజం దాకా బూజు, నల్ల దుప్పటి ఆరేసినట్టు. ఇన్నాళ్లూ నా బిడ్డ దాని పక్కనే నిద్రపోతోంది.

ఇంటికొచ్చినవాళ్లు ఆ వాసనకి ముక్కు ఎగబీలిస్తే, "మా కోడలు చేస్తుందమ్మా, చెయ్యి తిరగదంతే" అంటుంది అత్తయ్య. నా బట్టలకీ అదే వాసన. నేను మందుల షాపులో పనిచేస్తాను. మొన్న ఓనరు అందరి ముందూ, "బట్టలు ఆరాక వేసుకోమ్మా, వచ్చినవాళ్లు దూరం జరుగుతున్నారు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కడ ఆరెయ్యను? బయటంతా వాన, గదిలో తాడు కట్టి ఆరేస్తే ఆ తడంతా ఎక్కడికి పోతుంది? వంటింటి ఆవిరి, స్నానాల ఆవిరి, నలుగురి ఊపిరి, అన్నీ ఆ గోడలే తాగాలి. మా ఇంట్లో కిటికీలు ఎప్పుడోగానీ తెరవరు కదా.

ఎందుకు తెరవరంటే, మా ఆయనకి కోపమొస్తే ముందు కేకలెయ్యడు. ముందు కిటికీలు మూస్తాడు. ఒక్కొక్కటే, తాపీగా, గడియ పెట్టి మరీ. ఆ తర్వాత ఒక్కోసారి మాటలతో అయిపోతుంది, ఒక్కోసారి అవ్వదు. అలా మూసినవాటిని మళ్లీ తెరిచే ధైర్యం రోజుల తరబడి ఎవరికీ ఉండదు.

పోయిన వానాకాలం ఎదురింటి టీచరమ్మ, "నిన్న మీ ఇంట్లో ఏదో చప్పుడైందే, ఏంటమ్మా?" అని అడిగింది. గిన్నె జారిందన్నాను. ఎలా తెలిసిందో, ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ సాయంత్రమే కిటికీల పైన ఉన్న వెంటిలేటర్లకి చెక్కలు పెట్టి మేకులు కొట్టేశాడు. అత్తయ్య కుర్చీ పట్టుకుని ఒక్కో మేకూ అందించింది. "ఇంటిగుట్టు లంకకు చేటు" అంది. బూజు మొదలైంది ఆ తర్వాతే.

పోయిన వారం పాపకి ఆయాసం వచ్చింది, ఛాతీ నిండా పిల్లికూతలు. "ఇంట్లో చెమ్మ ఉందా అమ్మా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వుతూ, "అబ్బే, మా ఆవిడకి కాస్త శుభ్రం తక్కువండీ" అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "మందులిస్తాను, కానీ గాలి ఆడని ఇంట్లో మందులేం చేస్తాయి? వానైనా సరే, ఎదురెదురు కిటికీలు రోజూ కాసేపు తీసిపెట్టండి. గదిలో తడిబట్టలు వద్దు. బీరువా గోడకి ఆనించొద్దు. మళ్లీ ఇంతకంటే గట్టిగా వస్తే ఇంట్లో మీరు ఆపలేరు" అంది. ఇంటికి రాగానే ఆయన, "ఆవిడతో ముందే ఏం వాగావ్?" అంటూ గడియ మీద చెయ్యి వేశాడు.

ఇవాళ ఆ బూజు చూసి పాప వైపు తిరిగాను. మంచంలో పాప ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. మందు పట్టించి, అది నెమ్మదించేదాకా దాని వీపు మీద చెయ్యి తియ్యలేదు. ఆయనంటే నాకు భయం, దాచేదేముంది. కానీ ఈ భయం ముందు అది చిన్నదైపోయింది.

షాపుకి రానని ఫోన్ చేసి, స్క్రూడ్రైవర్ తీసుకుని కుర్చీ ఎక్కాను.

"వాడొస్తే నిన్ను బతకనివ్వడే" అంది అత్తయ్య పాపని ఎత్తుకుని.

"తెలుసత్తయ్యా."

దాని మొన చెక్క కిందికి దూర్చి మేకు పెకలించబోయాను. స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. అత్తయ్య దాని వైపు చూసింది. చంకలో పాప దగ్గింది. ఆవిడ వంగి దాన్ని తీసి, నా మొహం చూడకుండానే చేతికిచ్చింది. ఆపైన ఒక చేత్తో కుర్చీ పట్టుకుని వదల్లేదు.

చెక్కలన్నీ ఊడదీసి, అటూ ఇటూ కిటికీలు బార్లా తీశాను. తాడు మీద బట్టలు కదిలాయి.

సాయంత్రం ఆయన గుమ్మంలోనే ఆగి చూశాడు. చెప్పులు విప్పాడు. మొదటి కిటికీ వైపు నడిచాడు. వెళ్లి ఆ కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాను.

"జరుగు" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

వెనక ఎదురింట్లో టీచరమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంత దగ్గర.

"జరగను" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "పాపకి గాలి కావాలి. మీరు నన్ను అనాల్సిందేదో, చెయ్యాల్సిందేదో, ఈ కిటికీలు తెరిచుండగానే కానివ్వండి."

ఎదురింట్లో కుళాయి ఆగింది.