గుడ్డల గిన్నెలో ఉంగరం

వంటింటి గుడ్డలు వారానికోసారి ఉడకబెట్టడం ఆ ఇంట్లో రివాజు. సోన్‌మీ పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, సోడా చల్లి, గుడ్డల్ని కర్రతో తిప్పుతోంది. కిటికీ దగ్గర అత్తగారు మల్సూన్ ఎండు నెత్తళ్ల తలలు తుంచుతోంది. గిన్నెలో టంగుమంది. మళ్లీ టంగుమంది.

"గుడ్డలు ఎప్పట్నుంచి మోగుతున్నాయే?"

"ఉంగరం అత్తయ్యా. శుభ్రం చేసి మీ చేతిలో పెడదామని."

మల్సూన్ చేతిలో నెత్తళ్లు నేలపాలయ్యాయి. "వజ్రపుటుంగరం మసిగుడ్డటే, ఉడకేసి పిండడానికి? తియ్యి! బ్లీచింగు కూడా పోశావా?"

"ఇంకా లేదు."

"బతికించావు. అది బంగారాన్ని తినేస్తుంది. పాత రాయిలో ఎక్కడైనా సన్న జీర ఉంటే ఆ సెగకి పగిలి ఊరుకుంటుంది. గరిటెతో తీసి పక్కన పెట్టు. చన్నీళ్లు తగిలించావో చూడు! దానంతటదే చల్లారాలి."

మల్సూన్ మండిపడింది ఉంగరం గురించి కాదు. ఆ ఉంగరం ఆమే కోడలికి పెళ్లిలో పెట్టింది. కొడుకు ఇన్‌సోక్ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. అప్పట్నుంచి అత్తాకోడళ్లు బూసాన్ రేవులో ఒకే బల్ల మీద చేపలమ్మారు, ఒకరినొకరు తిట్టుకుంటూ బతికారు. ఇప్పుడు తోంగ్యోంగ్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే తక్, భార్య పోయినవాడు, సోన్‌మీని పెళ్లాడతానంటున్నాడు. అటో ఇటో మాట తీసుకోవడానికి ఈ మధ్యాహ్నమే వస్తున్నాడు. మారుమనువాడే కోడలు అత్తింటి ఉంగరం తిరిగిచ్చెయ్యాలి. సోన్‌మీ ఉంగరం తీసింది కానీ, వెళ్తాననీ చెప్పదు, ఉంటాననీ చెప్పదు. మల్సూన్‌కీ నోరు పెగలదు. వెళ్లవే అంటే తరిమినట్టు, ఉండవే అంటే కట్టేసినట్టు. ఏం మనుషులమమ్మా!

"బజారులో కంసాలికి ఇస్తే సరిపోయేదిగా అత్తయ్యా?"

"చేపలోళ్ల ఉంగరాలు వాడు తీసుకోడు. ఆ మధ్య ఒకదాన్ని కడిగితే కొట్టునిండా సముద్రపు నాచేనట. నువ్వే కడుగు. సింకులో కాదు, జారితే తూములోకే. పెద్ద తొట్టి తే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క. ఒక్క చుక్కన్నాను!"

ఉంగరం కాసేపు నానింది. సోన్‌మీ పిల్లలు పళ్లు తోముకునే మెత్తని బ్రష్షుతో రాయి వెనక మెల్లగా రుద్దింది. చిన్న పొలుసు ఊడి నీళ్లలో పడింది. తొట్టిలో కానగంత చేప తోక కొట్టింది.

"మధ్యాహ్నానికి కూరైంది. పక్కన పెట్టు," అంది మల్సూన్.

తర్వాత ఎర్రటి నలక ఊడింది. గుప్పెడు మిరపకాయలు తేలాయి. వాటి వెనక ఒక ముల్లంగి, దాని మీద ఇంకో ముల్లంగి.

"ఉంగరం పెట్టుకుని కిమ్చీ పచ్చడి కలపొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానే!"

"మీరూ అలాగే కలిపేవారు."

"నోరు ముయ్యి. రాయిని పట్టుకున్న కొక్కేల దగ్గర గట్టిగా రుద్దకు, వదులైపోతాయి."

నీలం ఉన్ని పోగు ఒకటి వచ్చింది. సోన్‌మీ లాగింది. లాగితే ఇన్‌సోక్ స్వెట్టరు, మోచేతి దగ్గర అతుకుతో సహా. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పిండారు. మల్సూన్ దాన్ని దండెం మీద ఆరేసి, ముక్కు చీదుకుని, వచ్చి మళ్లీ కూర్చుంది.

"అడుగున ఇంకేదో ఉంది. కానియ్యి."

అన్నిటికంటే ముందు ఇరుక్కున్నదే అన్నిటికంటే చివర ఊడింది. ఎర్రటి చిన్న తొక్క. తొట్టినిండా ఎండు రేగుపళ్లు పొంగి నేల మీదికి దొర్లాయి. పెళ్లిరోజు కోడలు పరిచిన గుడ్డలోకి మల్సూన్ దీవెనగా విసిరిన పళ్లవి.

సోన్‌మీ ఉంగరాన్ని వేరే గిన్నెలో మంచినీళ్లతో జాడించి, మెత్తని గుడ్డతో అద్ది, రెండు చేతులతో చాపింది. "తీసుకోండి అత్తయ్యా."

మల్సూన్ ఉంగరం వంక చూడలేదు. తొట్టిలోంచి రెండు గుప్పిళ్ల నిండా రేగుపళ్లు తీసింది.

"లే. ఏప్రన్ రెండు కొసలూ పట్టుకో."

"ఇవి పెళ్లికూతురికి కదా వేస్తారు?"

"మరి నేనెవరికి వేస్తున్నానే, కానగంతకా? సరిగ్గా పట్టు! ఒక్కటి కింద పడ్డా ఊరుకోను." విసిరింది. మళ్లీ విసిరింది. సగం కిందే పడ్డాయి. "అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే! పట్టుకోవడం చేతకాదు దీనికి!" ఉంగరం లాక్కుని కోడలి తడి వేలికి తొడిగింది. "అత్త పెట్టింది తిరిగిచ్చావు, అయిపోయింది. ఇది అమ్మ పెడుతోంది. కిమ్చీ కలిపేటప్పుడు తీసెయ్యి."

సోన్‌మీ ఏడుస్తూ నిలబడింది, రెండు చేతులా ఏప్రన్ పట్టుకుని.

బయట మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు చప్పుడైంది.

సోన్‌మీ కదిలితే పళ్లు దొర్లిపోతాయి. కదల్లేదు.

"తలుపు తియ్యడానికి కూడా నేనేనా ఈ ఇంట్లో!" అంటూ మల్సూన్ మోకాళ్లు పట్టుకుని లేచి, వెళ్లి తలుపు బార్లా తీసింది.