లసుమవ్వ కుడిచెయ్యి

నేను ఒక స్కానింగు యంత్రానికి తీగతో వేలాడే ప్రోబ్‌ను. సబ్బుబిళ్లంత ఉంటాను. సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో పుట్టి, మెట్‌పల్లిలోని ఒక స్కానింగు సెంటరుకు చేరాను. చెవికి అందని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చినదాన్నిబట్టి లోపల రక్తం ఎలా పారుతోందో తెరమీద చూపడం, ఆ పారే చప్పుడు వినిపించడం నా పని. నాతో సూది లేదు, మంట లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ఆ సంగతి గోడమీద ఇంగ్లీషులో రాసి ఉండేది. అది చదవగలిగినవాళ్లు ఎటూ భయపడేవారు కాదు.

ఒక ఉదయం లసుమవ్వ వచ్చింది. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. నెల రోజులుగా కుడిచేతి వేళ్లు చల్లబడి, పాలిపోయి, పని చేయబోతే చెయ్యంతా గుంజుతోందట. రక్తనాళంలో అడ్డేమైనా ఉందేమో చూడమని పెద్దాసుపత్రి డాక్టరు చీటీ రాశాడు.

"కరెంటు పెడ్తరా బిడ్డా?" అని మా డాక్టర్ నస్రీన్‌ను అడిగింది.

నస్రీన్ చెడ్డది కాదు. బయట ఇరవైమంది కూర్చుని ఉన్నారు. "ఏం గాదవ్వా, చెయ్యి చాపు," అంది తెరవైపే చూస్తూ. నేను జారడానికి పూసే చల్లటి జెల్లు భుజంమీద పడగానే లసుమవ్వ ఉలిక్కిపడి లేచింది.

"వద్దు బిడ్డా, నాకు బుగులైతంది," అని కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నస్రీన్ తరువాతి పేరు పిలిచింది. నేను ఆ చేతిని తాకనైనా తాకలేదు.

ఆరు వారాలకు కోడలు వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. చిటికెనవేలు, ఉంగరపువేలు కొసలు నల్లబడి ఉన్నాయి.

ఈసారి నస్రీన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. జెల్లు సీసాను అరచేతుల మధ్య వెచ్చబెట్టింది. "కరెంటు లేదవ్వా, సూది లేదు. భుజంకెల్లి మణికట్టు దాంక రెండు చేతులూ చూస్త. అర్ధగంట పడ్తది. నొప్పైతే చెప్పు, ఆపుత."

"గీ ముచ్చట ఆనాడే చెప్తే కూసుందును గద బిడ్డా," అంది లసుమవ్వ.

నస్రీన్ నన్ను ముందు ఎడమచేతికి ఆనించింది. ఎడమచేతిలో రక్తం బలంగా మోగింది. కుడిచేతిలో మోచేయి దాటాక సన్నని ఊపిరిలాంటి చప్పుడు తప్ప నాకేమీ దొరకలేదు. నెత్తురు గడ్డకట్టి నాళానికి అడ్డుపడింది.

హైదరాబాదులో ఆపరేషను చేశారు. చెయ్యి దక్కింది. ఆ రెండు వేళ్లు దక్కలేదు.

మూడు నెలలకు మళ్లీ నా దగ్గరికి వచ్చింది. కుడిచేతి నాళం చక్కగా మోగింది. "మంచిగ నడుస్తంది అవ్వా," అంది నస్రీన్.

"మంచిగ నడుస్తే గివి మొలుస్తయా బిడ్డా?" అని లసుమవ్వ నవ్వింది. నస్రీన్ ఆ చేతిమీది జెల్లును తానే తుడిచింది.

ఇప్పుడు ఒకసారి కిందపడి నా ముఖం పగిలి, ఇనుపబీరువా సొరుగులో పడి ఉన్నాను. పక్కగదిలోంచి నస్రీన్ గొంతు వినిపిస్తూనే ఉంటుంది. పడుకున్న ప్రతి మనిషికీ ముందు అన్నీ విడమరిచి చెబుతుంది, ఆ తరువాతే జెల్లు సీసా ముట్టుకుంటుంది. అదంతా చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది.